గట్టు మీద పెట్టిన గింజలు

జనవరి 9

వదినకు,

కోపంగా ఉన్నాను, ముందే చెప్తున్నాను. నీకు మళ్ళీ మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయని, డాక్టరు మాత్రలు రాసి "నీళ్ళు బాగా తాగమ్మా" అని పంపేశాడని అన్నయ్య నిన్న ఫోన్‌లో చెప్పాడు. ఏడాది తిరక్కుండా ఇది మూడోసారి. ఇలాగే సాగితే మూత్రపిండాల దాకా పోతుందని కూడా డాక్టరు అన్నాడట. ఆ ముక్క మీ ఆయన రేపు వాన పడొచ్చు అన్నట్టుగా చెప్పాడు.

ఆ డాక్టర్ని ఒక్క మాట అడగాలనుంది. తాగిన నీళ్ళు ఆవిడ ఎక్కడికి పోయి వదలాలి బాబూ? వెలుగు రాకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి తప్ప బయటికి వెళ్ళే దారి లేని మనిషికి నీళ్ళు తాగమని చెప్పడం, చెప్పుల్లేని వాడికి ముళ్ళలో జాగ్రత్తగా నడవమని చెప్పడమే. మందు రాసినంత తేలిక కాదు కనుక మరుగుదొడ్డి మాట ఎవరూ రాయరు.

మన ఊళ్ళో గొయ్యి తవ్వితే మనిషి లోతు రాకముందే ఊట. వాన పడితే గోతిలోది పైకొస్తుంది, పైకొచ్చింది బావిలోకి పోతుంది. అందుకే ఇదివరకు కట్టిన గొయ్యి దొడ్లన్నీ కోళ్ళగూళ్ళయ్యాయి. కట్టినవాళ్ళు ఫొటోలు తీసుకుని పోయారు. పోతూ పోతూ "ఈ ఊరికి అలవాట్లు లేవు" అని ఒక మాట విసిరిపోయారు. కింద నీళ్ళెంత లోతున ఉన్నాయో చూడకుండా పలుగు వేసిన వాళ్ళకి మాత్రం అలవాట్లున్నాయి కాబోలు.

మా సంస్థ కట్టించేది వేరే రకం. గొయ్యి ఉండదు. నేల మీదే ఎత్తు అరుగు కట్టి, అరుగు మీద గది. అరుగు లోపల రెండు అరలు. మూత్రం ముందువైపు గొట్టంలోంచి వేరే కుండలోకి పోతుంది. మలం అరలో పడుతుంది, దాని మీద గుప్పెడు బూడిద చల్లాలి. కడుక్కోవడానికి పక్కన వేరే చోటు. తడి తగలదు కనుక వాసన ఉండదు. ఒక అర నిండితే దాన్ని మూసేసి రెండోది వాడతారు. రెండోది నిండేసరికి మొదటిదాంట్లోది ఉత్త మట్టి, పొలానికి ఎరువు.

అసలు సంగతి ఇది కాదు. మేం వచ్చి అక్కడ కట్టుకోండి, ఇక్కడ కట్టుకోండి అనం. ఊరే తన పటం నేల మీద గీసుకుంటుంది, ఎక్కడేం కావాలో తనే తేల్చుకుంటుంది. ఈ ఒక్క మాట కోసం నేను ఆఫీసులో అందరితోనూ విరోధం తెచ్చుకున్నాను. వచ్చే నెల మీ దగ్గరికే వస్తున్నాం. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.

నీళ్ళు తాగమని మాత్రం రాయను. రాయడానికి సిగ్గుగా ఉంది.

నీ మరదలు

జనవరి 20

మా ఇంటి అగ్గిపెట్టెకు,

నీ ఉత్తరం తెచ్చిన బస్సు కండక్టరు కవరు పట్టుకుంటే చెయ్యి కాలిందన్నాడు. ఎవరు రాశారో చూడకుండానే చెప్పాడు మరి.

ఫోన్ చేయొచ్చు కదా అనకు. మన ఫోను స్పీకర్లో తప్ప పలకదు. నా మూత్రం కథ, మీ అన్నయ్య వడ్రంగం దుకాణంలో కుర్చీ కాళ్ళు అతికించుకోవడానికి వచ్చిన వాళ్ళంతా వినాలా? ఉత్తరమే మర్యాద.

జ్వరం తగ్గింది. అయినా నాకు ఇదేం కొత్త కాదు. పొద్దున్నే అరగ్లాసు టీ. మిషన్ ఎక్కాక నోరెండితే ఓ గుక్క పోసుకుని పుక్కిలించి ఊసేస్తాను. స్కూలు యూనిఫాంలు కుట్టే రోజుల్లో అయితే దాహం సంగతే గుర్తుండదు. వెలుగు తగ్గుతుంటే అప్పుడు బిందె దగ్గరికి చేరతాను. పాలావిడ, అదే మన పక్కింటావిడ, నన్ను ఒంటె అంటుంది. తను మాత్రం తాగుతుందా ఏమిటి? ఊళ్ళో ఆడవాళ్ళం అందరం ఒక మందలో ఒంటెలమే.

నీ రెండు అరల సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. రంపం ఆపి, "మనం నలుగురం ఒక గదిలో సర్దుకుని పడుకుంటుంటే దానికి రెండు గదులా?" అన్నాడు. కాసేపు గడ్డం గోక్కుని, తలుపులు ఎవరి చేత చేయిస్తారని అడిగాడు. అంటే ఒప్పుకున్నట్టే.

కానీ బూడిద ఎక్కడ తేవాలి? ఇంటింటా గ్యాసు పొయ్యిలేగా. ఇల్లు తగలబెట్టుకుంటే చాలినంత వస్తుందని పాలావిడ సలహా.

రా. మీటింగులో మరీ గొంతు పెంచకు. చిన్నప్పుడు నువ్వు బడి గోడెక్కి చేసిన ఉపన్యాసం ఊరు ఇంకా మర్చిపోలేదు.

వదిన

ఫిబ్రవరి 14

వదినా,

ఊర్నుంచి వచ్చి వారమైనా నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇన్నేళ్ళలో ఇంత బాగా జరిగిన సభ నేను చూడలేదు. ముగ్గుపిండి, ఇటుకపొడి, బొగ్గు పట్టుకుని జనం బడి ఆవరణంతా ఊరిని గీసిపడేశారు. మగవాళ్ళు గీస్తుంటే ఆడవాళ్ళు దిద్దారు. "మా గోడ అంత వంకరా?" అని పాలావిడ ఊరిపెద్దని నిలదీసిందే, ఆ ఒక్కదానికి నా జీతం మొత్తం ఇచ్చేయొచ్చు.

చివర్లో ఆడవాళ్ళకి తలా ఒక చిక్కుడుగింజ ఇచ్చి, మీరు బయటికి వెళ్ళే చోట పెట్టండి అన్నాను. ఒక్కొక్కరూ లేచి వచ్చి కాలువ గట్టు మీద పెట్టారు. అందరూ ఒకే చోట. గింజలన్నీ కుప్పపడ్డాయి. మా పై అధికారి, ప్రతిదీ కొలిచే అలవాటు వల్ల మేం కొలబద్ద అని పిలుస్తామే, ఆయన నోరు తెరుచుకుని చూశాడు. ఇంటికొకటి కట్టించాలని ఆయన ముందే లెక్క వేసుకొచ్చాడు. నేను బల్ల గుద్ది చెప్పాను: జనం గట్టు చూపించారు, గట్టు మీదే కడతాం, వరసగా, ఆడవాళ్ళకి మాత్రమే. జనం మాటకి విలువ లేకపోతే ఈ పటాలూ పిండీ ఎందుకు, నాటకానికా? ఆయన దిగొచ్చాడు. వచ్చే నెల పునాదులు.

నువ్వెందుకలా దిగాలుగా కూర్చున్నావు? గింజ అందరికంటే ఆఖర్న పెట్టావు, పెట్టి నా వైపు చూడనైనా లేదు. జ్వరం మళ్ళీ వచ్చిందా?

కొంచెం ఓర్చుకో. వానలు పడేలోపు నువ్వు పట్టపగలు వెళ్ళి రావచ్చు.

నీ మరదలు

ఫిబ్రవరి 23

అమ్మడూ,

జ్వరం లేదు, నడుము లాగుతోంది అంతే.

కట్టండి, మంచిదే. గట్టు మీద గాలి బాగా వస్తుంది. కాకపోతే దూరం కదా. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళున్నారు. గిరాకీ కూర్చుని ఉండగా నేను మిషన్ వదిలి అంత దూరం వెళ్ళిరావాలంటే ఎలా అని ఆలోచిస్తున్నాను. మన పెరట్లో జామచెట్టు వెనక కొంచెం జాగా ఉంది. ఒకటి ఇక్కడ కట్టడానికి వీలవుతుందేమో మీ కొలబద్దగారిని అడిగి చూడు. ఎవరితోనూ అనకుండా అడుగు.

బూడిద బెంగ తీరింది. మీ అన్నయ్య రంపపుపొట్టు చల్లినా సరిపోతుందని తాపీమేస్త్రి చెప్పాడు. ఇన్నాళ్ళూ తుడిచి పారబోసిన పొట్టుని మీ అన్నయ్య ఇప్పుడు గోనెసంచుల్లో కట్టి మూతి బిగిస్తున్నాడు. నడక కూడా మారింది.

గట్టు సంగతి మరొక్కసారి ఆలోచించు. తొందరేం లేదు కదా.

వదిన

మార్చి 2

వదినా,

నీ దగ్గర్నుంచి ఇలాంటి ఉత్తరం వస్తుందనుకోలేదు. ఊరంతా ఒక చోట కావాలంటే నీకు మాత్రం జామచెట్టు వెనక కావాలా? అదీ ఎవరితోనూ అనకుండానా? నలుగురిలో ఒకటి చెప్పి, ఇంటికొచ్చాక బంధుత్వం పట్టుకుని ఇంకోటి అడగడం ఊరిపెద్దలకు అలవాటైన విద్య. ఇదివరకు వీధి కుళాయి ఇలాగే కదా మన ఊరిపెద్ద గుమ్మంలోకి నడిచిపోయింది! దాని మీద నేను రాసిన వ్యాసం నువ్వే కత్తిరించి దాచావు.

దూరం అంటున్నావు. చీకట్లో అంతకన్నా దూరం నడవడం లేదా? సమష్టిగా తీసుకున్న నిర్ణయాన్ని మొదట ఇంట్లోవాళ్ళే కొరుక్కుతింటే, ఇక బయటివాళ్ళని నేను ఏ ముఖంతో అడగను? నీ ఆరోగ్యం నాకు ప్రాణం. అందుకే గట్టు మీద పని తొందరపెడుతున్నాను. తాపీమేస్త్రి సోమవారం మొదలుపెడతాడు.

కొలబద్దని అడగను. కోపం తెచ్చుకో, ఫర్వాలేదు.

నీ మరదలు

మార్చి 19

మరదలికి,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం కోపం కాదు. మంచం మీద ఉన్నాను. ఈసారి జ్వరం ఒళ్ళు వణికించేసింది, వీపులో ఒక పక్క నొప్పి. డాక్టరు సూదులు వేసి, ఇంకోసారి ఇలా వస్తే పెద్దాసుపత్రే అన్నాడు. ఇప్పుడు లేచి కూర్చున్నాను, కనుక నీకు కొన్ని మాటలు చెప్పే ఓపిక ఉంది. విను. మధ్యలో బల్ల గుద్దకు.

ఆ గట్టు మీదికి ఆడవాళ్ళం ఒక్కరం కూడా వెళ్ళం. ఎప్పుడూ వెళ్ళలేదు. అది మగవాళ్ళు గాలాలు వేసుకుని, బీడీలు కాల్చుకుంటూ కూర్చునే చోటు.

మరి గింజలెందుకు పెట్టారంటావు. నువ్వు గింజ చేతికిచ్చి పెట్టమన్నప్పుడు చుట్టూ ఎవరున్నారో చూశావా? ఊరిపెద్ద కుర్చీలో ఉన్నాడు. కుర్రాళ్ళు గోడెక్కి ఉన్నారు. మీ అన్నయ్య చేతులు కట్టుకుని నా వెనకాలే నిలబడ్డాడు. మేం వెళ్ళే చోటు మగాళ్ళెవరికీ తెలియదు కనకే అది మాకు మిగిలింది. తెలిసిందంటే మర్నాడు అక్కడ ఎవడో ఒకడు ఈల వేసుకుంటూ తిరుగుతాడు. పాలావిడ ముందు లేచింది. ఒక్క నిమిషం ఆలోచించి, మేం ఎన్నడూ వెళ్ళని చోటు చూసి పెట్టింది. ఆ వెనక అందరికీ అర్థమైపోయింది. ఎవరూ ఎవరికీ సైగ కూడా చెయ్యలేదు. నేను మాత్రం నీ ముఖం చూసి, నిజం చెప్పేద్దామా అని ఆఖరి దాకా కూర్చున్నాను. వెనక మీ అన్నయ్య దగ్గాడు. లేచి నేనూ గట్టు మీదే పెట్టాను.

నువ్వు సంబరపడి చప్పట్లు కొట్టావు. మేమూ కొట్టాం.

పెరట్లో ఒకటి కట్టమన్నది నా ఒక్కదాని సుఖం కోసం కాదు. ఒకటి ఇటు కడితే, దాన్ని చూసి తక్కినవాళ్ళూ ఇళ్ళ దగ్గరే అడుగుతారని. ఉన్నమాట ఉత్తరంలో పెట్టడానికి జంకాను. నువ్వు వ్యాసాలు రాసేదానివి, ఎక్కడ అచ్చువేస్తావోనని భయం. దానికి నువ్వు నన్ను ఊరిపెద్ద పక్కన నిలబెట్టావు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడిగావు, సంతోషం. ఎవరు వింటుండగా అడుగుతున్నావో అదొక్కటి చూసుకోలేదు.

గట్టు మీద రెండు అరుగులు లేచాయి. మేం వాటి వంక చూడం.

వదిన

మార్చి 24

వదినా,

పని ఆపించాను. నిన్న పొద్దున్నే కొలబద్ద గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. నీ పేరు రానివ్వలేదు. ఆయన నవ్వాడు, ఇంటికొకటి అని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నానుగా అన్నాడు. ఆ నవ్వు భరించాను. అయినా ఆయనదీ తప్పే. ఆయన ఎవరినీ అడగలేదు, నేను నలుగురిలో నిలబెట్టి అడిగాను. ఎలా చూసినా మీరు నోరు మూసుకోవలసి వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట నాకు ఇన్నాళ్ళకి అర్థమైంది. నా ఇంటి ఆడమనిషి ఎటు వెళ్తుందో తెలియకుండా నేను పుస్తకాల్లో ఆడవాళ్ళ గురించి రాశాను.

నిన్ను అన్న మాటలకి ఏం చెప్పను. నువ్వు మంచంలో ఉండగా చదివి ఉంటావు.

ఇటుకలు, సిమెంటు వచ్చే నెల పదో తారీఖు దాకా పట్టి ఉంచమని పోట్లాడి ఒప్పించాను. అది దాటితే సామానంతా వేరే ఊరికి పోతుంది. నీ కుట్టుగదిలో ఆడవాళ్ళని పిలువు. తలుపు వేసుకుని మళ్ళీ పటం గీద్దాం. శనివారం బస్సుకి వస్తాను. ఒంటరిగా వస్తాను.

నీ మరదలు

మార్చి 29

అమ్మడూ,

శనివారం బస్సు దిగగానే మీ అన్నయ్య చేత నిన్ను ఊళ్ళోనే ఉన్న మీ మేనత్తగారింటికి పంపించేసి, నా గుమ్మం తొక్కనివ్వలేదని మనసు కష్టపెట్టుకున్నావట. మీ అన్నయ్య చెప్పాడు. ఆవిడ చేతి వంట తిని నిద్రపోయావు కదా, అదే మాకు కావలసింది.

నువ్వుంటే మాట పెగలదు. ఏ జవాబు చెప్తే నీకు నచ్చుతుందో నీ కనుబొమ్మలే చెప్పేస్తాయి. అది చూసి అదే చెప్తాం. వచ్చిన అతిథిని చిన్నబుచ్చడం ఎవరికి ఇష్టం?

తలుపేసి, మిషన్ పక్కకి జరిపి, బల్ల మీద నల్ల లైనింగు గుడ్డ పరిచాను. బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దతో వీధులు గీశాం. ఇళ్ళకి గుండీలు. పాలావిడే మొదలుపెట్టింది, పెద్ద కోటు గుండీ తీసి తను వెళ్ళే చోట పెట్టింది. అక్కడికే నేనూ వెళ్తానని ఇంకొకావిడ. అక్కడ పాము కనబడిందని మరొకావిడ. ఇక చూడు, నవ్వులు. పెళ్ళయిన నాటినుంచీ ఈ సంగతి ఎవరితోనూ అనని వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. నీళ్ళు తాగని ఒంటె నేనొక్కదాన్నేనని బాధపడేదాన్ని. నాలాగే సూదులు వేయించుకున్న వాళ్ళు బల్ల చుట్టూ ఎందరున్నారో!

ఎక్కడికి వెళ్తామో నీకు రాయను. ఎక్కడ కావాలో రాస్తాను. రెండేసి ఇళ్ళ పెరళ్ళ మధ్య ఒకటి. తలుపు వీధి వైపు ఉండకూడదు. మెట్లు పొట్టిగా ఉండాలి. కూర్చుంటే బయట ఎవరొస్తున్నారో కనిపించేలా ఒక సన్న కిటికీ. మాది జామచెట్టు వెనక వద్దన్నారు, నా దగ్గరికి బట్టలిచ్చే వాళ్ళంతా అటే కదా వచ్చేది. నాకూ పాలావిడకీ కలిపి ఆమె పశువుల పాక పక్కన. నేను కాసేపు అలిగాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఒక్క చోట పేచీ పడింది. నిండిన అర ఎవరు ఖాళీ చేస్తారు? ఇదివరకు గోతులు ఎత్తిన వాళ్ళని పిలుద్దామని ఎవరో నసిగారు. తాపీమేస్త్రి భార్య ఆ ఇంటి పిల్లే. ఆవిడ లేచి నిలబడింది.

"మట్టయ్యాక అది మట్టే అన్నారు కదా. అయితే ఎవరి మట్టి వాళ్ళెత్తుకోండి. మా నాన్న ఎత్తాడు, చాలు. ఇంకెవరైనా మా గుమ్మంలోకొచ్చి పిలిస్తే, ఈ గుండీలు నేనిక్కడే ఊడ్చేస్తాను."

చివరికి తేలిందేమిటంటే, ఏ రెండిళ్ళది ఆ రెండిళ్ళ మగవాళ్ళే ఎత్తి పొలంలో వెయ్యాలి. ఒప్పుకోని ఇంటికి గది లేదు. ఆ రోజే ఇళ్ళకెళ్ళి అడిగాం. కొందరు గొణిగారు. మీ అన్నయ్య మాత్రం పార పిడి వదులైందని ఊరికే బిగిస్తూ కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక గుడ్డ దులిపి ఉతికేశాను.

వదిన

ఏప్రిల్ 8

వదినా,

అలిగిన మాట నిజం. నా కనుబొమ్మల గురించి రాసింది చదివాక అద్దంలో చూసుకున్నాను. నువ్వన్నది కూడా నిజమే.

ఇక్కడి యుద్ధం విను. పటం ఏదీ అని కొలబద్ద. చెరిపేశారని నేను. ఫొటో అయినా లేదా, పటం లేకుండా జనం పాల్గొన్నారని పైవాళ్ళకి ఎలా చూపాలి అని ఆయన. బడి ఆవరణలో గీసిన పటానికి రంగుల ఫొటోలున్నాయి, అది పచ్చి అబద్ధం. దీనికి కాగితం ముక్క లేదు, ఇది నిజం. మీ ఫైలుకి ఏది కావాలి అని అడిగాను. ఊళ్ళో ఆడవాళ్ళు తమ దారుల్ని ఆఫీసు బీరువాలో పెట్టరు, పెట్టనక్కర్లేదు అన్నాను. గొంతు పెంచానేమో, పక్కగది వాళ్ళు తలుపు దగ్గరికొచ్చారు. ఆయన చాలాసేపు పెన్ను తిప్పి, మా ఇంట్లో అడిగినా ఇంతేనేమో అని గొణిగి సంతకం పెట్టాడు. ఆ ఒక్క మాటకి ఆయన్ని ఒక వారం పాటు తిట్టకూడదని నిశ్చయించుకున్నాను.

సామాను సోమవారం బయల్దేరుతుంది. గట్టు మీద లేచిన అరుగులు మగవాళ్ళకి వదిలేద్దాం. గాలాలు వేసుకుంటూ కూర్చునే వాళ్ళకి దగ్గర కదా.

మళ్ళీ జ్వరం వస్తే నాకు దాచకు.

నీ మరదలు

నవంబరు 6

అమ్మడూ,

వానలన్నీ వెళ్ళిపోయాయి. వీధిలో నీళ్ళు నిలిచినా గది అరుగు తడవలేదు, బావి నీళ్ళు రంగు మారలేదు. వాసన వస్తుందేమోనని మొదటి వారం పాలావిడ గోడ పక్కన నిలబడి ముక్కు ఎగబీల్చేది. తన పాక వాసనే వస్తోందని తేలాక ఊరుకుంది.

ఒక తప్పు చేశాను. కుండలోది మొక్కలకి బలమని నువ్వే కదా చెప్పావు. ఒకటికి నాలుగు వంతులు నీళ్ళు కలపాలన్న ముక్క గాలికొదిలేసి, ఉన్నదున్నట్టు పాలావిడ సొరపాదుకి పోశాను. పాదు మాడిపోయింది. నాలుగు రోజులు మాటల్లేవు. తర్వాత నీళ్ళు కలిపి పోస్తే కొత్త పాదు పాక మీదికి ఎగబాకింది. ఇప్పుడు కుండ ఎవరి వంతు అని గొడవ.

మీ అన్నయ్య పొట్టు దాత అయిపోయాడు. ప్రతి ఇంటికీ సంచి ఇచ్చేటప్పుడు, మూత గట్టిగా వెయ్యండి, తడి తగలనివ్వకండి అని పాఠం చెప్తాడు. నీ అన్న అనిపించుకున్నాడు. అర ఇంకా నిండలేదు. నిండితే మొదట తనే ఎత్తుతానని తాపీమేస్త్రితో పందెం వేశాడు.

పోయిన నెల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పరీక్ష చేసి అంతా బాగుందన్నాడు. ఏ మందు వాడావమ్మా అని అడిగాడు. సన్న కిటికీ ఉన్న గది అన్నాను. అతనికి అర్థం కాలేదు, నేనూ విప్పి చెప్పలేదు. కావాలంటే నువ్వొక వ్యాసం రాసి పంపు.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. గదినిండా పెళ్ళివారి బట్టలు. ఈ ఉత్తరం రాస్తూ రాస్తూ ఒక చెంబుడు నీళ్ళు తాగాను, మధ్యలో ఒకసారి లేచి వెళ్ళొచ్చాను. ఇదిగో, మళ్ళీ లేవాలి. సూది కింద గుడ్డ సగంలో ఉంది. అలాగే వదిలేసి వెళ్తున్నాను. ఎవరైనా వస్తే కాసేపు కూర్చుంటారు.

వదిన